విల్మార్ ప్రదక్షిణలు

ఆదివారం పూట మా పైసందూ ఊళ్లో వీధివాళ్లకు గడియారంతో పనిలేదు. విల్మార్ వీధి చుట్టూ ఎన్నో చుట్టు తిరుగుతున్నాడో చూస్తే చాలు, సముద్రం అవతల ఇటలీలో ఆట ఎందాకా వచ్చిందో తెలిసిపోతుంది. చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే కషాయం తాగే సొరకాయ బుర్ర. నలభై ఏళ్లు టౌన్ బస్సు నడిపి, కూర్చుని కూర్చుని నడుము పోగొట్టుకున్న మనిషికి ముసలితనంలో కాళ్లకు చక్రాలొచ్చాయి.

కొడుకు ఫాబ్రిసియో ఇటలీ ఫుట్‌బాల్ మొదటి డివిజన్‌లో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు కాపుకాసేవాడు. ఆరేళ్ల కిందట అక్కడ వాడి మొదటి మ్యాచ్ నాడు, మాంసం కాల్చడానికి కట్టెలు తెద్దామని విల్మార్ బయటికెళ్లాడు. జట్టు గెలిచింది. మరుసటి ఆదివారం టీవీ ముందు కూర్చున్నాడు. పదకొండో నిమిషంలో కొడుక్కి రెడ్ కార్డు. అంతే, ఇంట్లోవాళ్లంతా ఒక్కటైపోయారు. అందరికంటే ముందు బావమరిది ఎడిసన్.

"బావా, నీకు దండం పెడతా, ఆట అయ్యేదాకా ఇంట్లో అడుగుపెట్టకు. వాడి పొట్ట కొట్టకు."

నమ్మకం ఉందా అంటే లేదు. కానీ కన్నకొడుకు బతుకును ఎవడు పందెంలో పెడతాడు? ఆట అయ్యాక టీవీలో చూపించే ముక్కలు చూసేవాడు. వాటిలో గోల్ కొట్టినవాడే తప్ప అడ్డుకున్నవాడు ఎక్కడ కనబడతాడు? ఈ సంగతి కొడుక్కి ఎవరూ చెప్పలేదు. వాడు ప్రతివారం ఫోన్ చేసి ఒకటే అడిగేవాడు.

"బాగా ఆడానా నాన్నా?"

"బ్రహ్మాండంగా ఆడావురా."

పక్కనున్న భార్య నిబియా తలూపితే అనే మాట అది. ఆరేళ్లుగా ఆ అబద్ధం అతన్ని తొలిచేస్తోంది.

మొన్న మే నెల చివరి ఆదివారం. ఫాబ్రిసియో మోకాళ్లు అరిగిపోయాయి, ఇదే ఆఖరి ఆట. డ్రా అయితే జట్టు మొదటి డివిజన్‌లో నిలుస్తుంది. విల్మార్ మొదటి చుట్టు పూర్తిచేసి గేటు దగ్గర ఆగిపోయాడు. నిబియా బయటికొచ్చింది.

"లోపలికి రా. వాడు మళ్లీ ఆడడు."

"ఓడిపోతే?"

"ఓడితే ఓడారు. రా మనిషీ."

లోపల ఎడిసన్ నీళ్లు నమిలాడు. "అక్కా, ఇవాళ ఒక్కరోజు..."

"నోర్ముయ్."

విల్మార్ కుర్చీ అంచున కూర్చున్నాడు. బంతి విసిరే ప్రతిసారీ కొడుకు ముక్కు చొక్కా చేతికి తుడుచుకుంటున్నాడు. చిన్నప్పటి అలవాటు, పోలేదు.

డెబ్బయ్యో నిమిషంలో అవతలి కుర్రాడు ఫాబ్రిసియోను దాటేసి దూసుకెళ్లాడు. గోల్. గదిలో ఒక్కరూ విల్మార్ వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది. కాళ్లు వాటంతటవే తలుపు వైపు నడిచాయి. టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే నిబియా అతని చొక్కా పట్టుకుని లాగింది. మిగిలిన ఇరవై నిమిషాలు ముళ్లమీద కూర్చున్నాడు. జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది.

సాయంత్రం ఫోన్ మోగింది.

"బాగా ఆడానా నాన్నా?"

విల్మార్ నిబియా వైపు చూడలేదు.

"అడుగు ఆలస్యమవుతోందిరా. ఆ గోల్ నీ పక్కనుంచే వచ్చింది. మొదటి సగంలో మాత్రం ఒక్కణ్ణీ దాటనివ్వలేదు."



"అయితే ఈసారి చూశావన్నమాట," అన్నాడు ఫాబ్రిసియో. "ఇంకా చెప్పు నాన్నా."