శుక్రుడి మీద దిబ్బరొట్టె

నిజాంపేటలో హాస్టల్ పక్కనున్న టిఫిన్ బండి దగ్గర ప్రిస్కిల్లా రోజూ దిబ్బరొట్టే తీసుకుంటుంది. తినే ముందు దాని అంచును వేలితో ఒకసారి తడుముతుంది. బండి నడిపే కనకలక్ష్మి మొదట్లో, "కాలిందో లేదో అని అనుమానమా?" అని ఉడికించేది. ఇప్పుడు అడగడం మానేసింది.

కొండాపూర్ ఆఫీసులో ప్రిస్కిల్లాది బొమ్మలకు గుర్తులు పెట్టే పని. శుక్రగ్రహాన్ని మబ్బులు కప్పేసి ఉంటాయి కనుక దాని నేలను రేడార్‌తో చిత్రించారు. అందులో గుండ్రంగా కనిపించే ప్రతిదీ ఉల్క పడిన గుంటా, లావా పొంగి గట్టిపడిన దిబ్బా అని ఆమె చెప్పాలి. ఆ గుర్తులు చూసి కంప్యూటర్ నేర్చుకుంటుంది. ఈ సంగతి జరిగేనాటికి ఆమె చేరి రెండు నెలలు. మూడు నెలల పరీక్షాకాలం గడిస్తేనే ఉద్యోగం ఖాయం.

ఆఫీసువాళ్లిచ్చిన సూచనల్లో ఒకరకం దిబ్బల్ని 'పాన్‌కేక్' అన్నారు. ప్రిస్కిల్లా పాన్‌కేక్ ఎప్పుడూ తినలేదు. నిఘంటువు చూస్తే 'అట్టు' అని ఉంది. సరేనని పల్చగా పరుచుకున్న వాటికోసమే వెతికింది. మెరిసే అంచుతో గుండ్రంగా ఉన్నవాటిని గుంటలంది.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ బండి దగ్గర ఆగింది. కనకలక్ష్మి అట్టు పోస్తే పిండి పెనమంతా పాకింది. రెండో పెనం మీద దిబ్బరొట్టెకని గట్టి పిండి పోస్తే పోసినచోటే నిలిచింది. పైన చదును, చుట్టూ నిటారు అంచు.

"ఇది పాకలేదేం ఆంటీ?"

"గట్టి పిండి ఎక్కడికి పోతుందే తల్లీ? నీళ్లెక్కువైతేనే పరుగు."

చిక్కటి లావా కూడా అంతేనన్నమాట; బొమ్మల్లో మెరిసింది ఆ నిటారు అంచే. అలాంటివి తను గుంటలన్నవి నలభై మూడు. ఆమె పని తనిఖీ చేసే ఉదయ్ భాస్కర్ వాటికి సరే అనేశాడు కూడా.

సోమవారం వెళ్లి అతనికి చెప్పేసింది.

"నలభై మూడా! నేనే ఓకే చేసిన గద. నువ్వు చెప్పకుంటే ఎవరికి తెలుస్తుండె?"

"కంప్యూటర్ తప్పే నేర్చుకుంటది కదా సార్."

అతను బొమ్మలు మళ్లీ తెరిచి చాలాసేపు చూశాడు. "నిజమే. ఇగ కారణం ఏమని రాయాలె? దిబ్బరొట్టె అనా?"

"రాయండి సార్."

రాశాడు. తన తప్పు కూడా రాశాడు. ప్రిస్కిల్లా పరీక్షాకాలం ఇంకో మూడు నెలలు పెరిగింది. నలభై మూడూ ఆమే దిద్దింది.

ప్రిస్కిల్లా ఆ ఆఫీసులో చేరి ఇప్పటికి రెండేళ్లు. ఉండేది నిజాంపేట హాస్టల్లోనే.