వంక దాటని కారు

“బావా, నాయన పోయినాడు. బిన్నా రా” అని మా బామ్మర్ది ఫోన్ చేసినప్పుడు నేను తిరుపతిలో ఆఫీసుకు బయల్దేరుతున్నాను. పన్నెండు రోజులైంది. ఒక చోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను. మామను గురించి నాలుగు మాటలు రాస్తే మనసు నిలుస్తుందేమోనని రాస్తున్నాను.

మామకు పాకాల దగ్గర మామిడి తోట, ఒక పాత జీపు ఉండేవి. జీపు నా భార్య కంటే వయసులో పెద్దది. ఒక పక్క తలుపును తాడుతో కట్టేవాడు. బ్యాటరీ మీద నమ్మకం లేక ఎక్కడికెళ్ళినా వాలు చూసి నిలిపేవాడు. బ్రేకు వదిలితే దొర్లుకుంటూ పోయి అదే స్టార్టయ్యేది. చంద్రగిరిలో ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు వాలు దొరక్క మంటపానికి అర కిలోమీటరు ఇవతలే ఆపి, పట్టుచీరల ఆడవాళ్ళందరినీ ఎండలో నడిపించాడు. అత్త ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

నేను బండి నేర్చుకున్నది ఆ జీపులోనే. స్టీరింగు పట్టుకుని నేను చెమటలు కక్కుతుంటే “అంత గెట్టిగా పట్టుకోవద్దబ్బా, అది యాడికీ పోదు” అనేవాడు. అంత ఓపికగా నాకు మరెవరూ ఏదీ నేర్పలేదు.

పెద్ద కారు కొన్నాక, గొప్ప చూపించుకోవడానికే ఆయన్ని ఎక్కించుకుని తిరుపతికి తెచ్చాను. దిగేటప్పుడు చూస్తే కాళ్ళకు చెప్పులు లేవు. ఇంట్లోకి వచ్చినట్టు, ఊళ్ళో రోడ్డు మీదే విడిచి ఎక్కాడు. “లోపలంతా తెల్లగా ఉండాదే, తొక్కేదానికి మనసు రాలేదు” అన్నాడు. నేను నవ్వాను. లోలోపల సంతోషించాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

జీపులో అరిస్తే తప్ప వినపడదు, అయినా దారంతా మాట్లాడుకునేవాళ్ళం. నా కారులో గుసగుస కూడా వినపడుతుంది, ఇద్దరికీ మాట తోచేది కాదు. “సుఖంగానే ఉండాది, కాదనను. దారి ఉండే చోటికి ఏ బండైనా పోతాది అల్లుడా” అన్నాడొకసారి.

జబ్బుపడ్డ మామను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడు “పిందె ఎట్టుండాదో సూడాల, జీపు తీయండబ్బా” అన్నాడు. బామ్మర్ది తాళం తీసుకున్నాడు కూడా. కుదుపులకు తట్టుకోలేడని నేనే వద్దన్నాను. నా కారులో మెత్తగా పడుకోబెట్టి తీసుకెళ్ళాను. బామ్మర్ది ఆయన పక్కన కూర్చున్నాడు. తోటకు ఇవతల చిన్న వంక. నీళ్ళు లేవు, అన్నీ రాళ్ళే. కాస్త దిగగానే కారు అడుగు రాయికి గీసుకుంది. వెనక్కి తీసి ఆపాను.

“పోనీలే అల్లుడా, రేపు జీపులో పోదాం” అన్నాడు. సాయంత్రం నేను తిరుపతికి వచ్చేశాను. తెల్లవారేసరికి ఆయన లేడు.

నీ తప్పేమీ లేదని ఇంట్లో అందరూ అంటున్నారు. జీపైతే కుదుపులకు దారిలోనే ఏమైనా అయ్యుండేదని కూడా అంటున్నారు. కావచ్చు. నన్ను కూర్చోనివ్వనిది అది కాదు. ఆ వంక దగ్గర మామ లేచి, ముందు సీటు పట్టుకుని, మెడ చాచి అవతలి చెట్లనే చూస్తూ ఉన్నాడని బామ్మర్ది చెప్పాడు. నేను చూడలేదు. నేను కింద మోకాళ్ళ మీద కూర్చుని, గీత ఎంత పడిందోనని ఫోన్ లైటు వేసి కారు అడుగున వెతుకుతున్నాను.