కొత్తపట్నంలో నాచును మిరపకాయల్లా ఎండబెట్టిన పెదనాన్న

ఈ ప్రయాణం పెట్టుకున్నది నా చదువు కోసం. పచ్చని సముద్రపు నాచులో అల్వాన్ అనే పిండిపదార్థం ఉంటుంది. గాయాల మీద వేసే జెల్‌గా అది పనికొస్తుందేమోనని పరిశోధనలు జరుగుతున్నాయి. మొక్కల మీద చల్లితే తెగుళ్లను తట్టుకునే శక్తిని మేల్కొలుపుతుందని కూడా చెబుతారు. దాన్ని మిరప నారు మీద చల్లి చూడటమే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు. ఎండలు ముదిరితే నాచు దొరకదు కాబట్టి, ఈసారి వట్టి చేతులతో తిరిగొస్తే ప్రాజెక్టుకు నీళ్లొదులుకోవాల్సిందే. ఈ మాట చెవిన పడగానే ప్రత్తిపాడు దగ్గర మిర్చి వేసే మా పెదనాన్న "నారు నాదేగా, నేనూ వస్తా" అంటూ చెప్పులేసుకున్నాడు.

ఉదయం ఆరున్నరకు గుంటూరులో బస్సెక్కి, చిలకలూరిపేట మీదుగా తొమ్మిదిన్నరకల్లా ఒంగోలు చేరాం. అక్కడి నుంచి షేర్ ఆటోలో కొత్తపట్నం బయల్దేరాం.

"పాచి కోసమా? ఇక్కడికి అందరూ చేపలకొస్తారండి," అన్నాడు డ్రైవరు నవ్వుతూ.

"చేపలు నా వంతులే," అన్నాడు పెదనాన్న.

మేం వెళ్లేసరికి నీళ్లు బాగా వెనక్కి తగ్గాయి. వాగు సముద్రంలో కలిసే చోట రాళ్ల మీద లేత పాలకూరలా నాచు పరుచుకుని ఉంది. గంటలో బుట్ట నిండింది, నా ప్రాణం కుదుటపడింది. బుట్టను, ఆరబెట్టడానికి తెచ్చిన టార్పాలిన్ పట్టాను పెదనాన్నకు అప్పగించి, భోజనం చెప్పడానికి పాకహోటల్‌కు వెళ్లాను. కబుర్లలో పడి అక్కడే చాలాసేపు కూర్చుండిపోయాను. పులుసు కలుపుతున్న హోటలామె బయటికి తొంగిచూసింది.

"అమ్మాయ్, ఆ పెద్దాయన మీ మనిషేనా? పట్టా మీద పాచి పోసి కాళ్లతో తిరగేస్తున్నాడేంటి?"

పరుగెత్తాను. నడినెత్తిన ఎండ. కల్లంలో మిరపకాయలను తిరగేసినట్టే, పాదాలతో చాళ్లు తీస్తూ తన్మయంగా తిరుగుతున్నాడాయన. నాచంతా పాలిపోయింది.

"నీడలో ఆరబెట్టాలి పెదనాన్నా!"

"తడి ఉంటే బూజు పట్టదటే?" అన్నాడు. నా మొహం చూసి ఆగిపోయాడు. "తాలు చేశానుగా అమ్మాయ్!"

రంగు పోయిన మిరపకాయలను మా వైపు తాలు అంటారు. వాటిని చూస్తే బేరగాడు మొహం తిప్పుకుంటాడు. అంత ఇష్టమైన చేపల పులుసును కూడా పెదనాన్న కెలికి వదిలేశాడు. నా కోపం అక్కడే కరిగిపోయింది. పాలిపోయిన నాచునే మూట కట్టుకుని తిరిగొచ్చాం.

మర్నాడు ఆయన కాలేజీకి కూడా వచ్చాడు. నాచును వేడినీళ్లలో మరిగించి, వడకట్టి, ఆ నీళ్లలో స్పిరిట్ పోశాను. అల్వాన్ మిగిలి ఉంటే స్పిరిట్‌లో కరగక విడిపోయి కనబడాలి. మెల్లగా తెల్లటి దారాలు తేలాయి. అదే అల్వాన్!

"రంగు పోయినా సరుకు పోలేదే!" అన్నాడు పెదనాన్న, గాజుపాత్ర నుంచి కళ్లు తిప్పకుండా.

రంగు చూసి ధర కట్టే ఊళ్లో పెరిగినదాన్ని కదా, ఆ నాచు పాలిపోగానే అంతా పోయిందనే అనుకున్నాను. ఆ దారాలను చూశాక ఇద్దరం క్యాంటీన్లో కడుపునిండా తిన్నాం. మీరూ వెళ్లేటట్టయితే, నీళ్లు తగ్గే వేళ కనుక్కుని వెళ్లండి, నాచును నీడలోనే ఆరబెట్టండి. వెంట మిర్చి రైతు వస్తే మాత్రం, పట్టా మీ చేతిలోనే ఉంచుకోండి.