రాజగోపాల్ గారి రెండో సిస్టమ్

స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్ సెక్టర్ 7లో మా పక్క క్వార్టర్ రాజగోపాల్ గారు బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇంజనీరు. తొంభై ఎనిమిదిలో ఇంటికి కంప్యూటర్ కొని, పత్రికతో వచ్చిన సీడీ పెట్టి, విండోస్ పక్కనే లినక్స్ అనే రెండో సిస్టమ్ కూడా ఎక్కించారు. అప్పట్నించి ఆయన కాలు నేల మీద నిలవలేదు. వచ్చినవాళ్ల చేత చెప్పులు విప్పించి, గదిలో నిలబెట్టి, ఆన్ చేయగానే రెండింట్లో ఏది కావాలని అడిగే తెరను చూపించేవారు. గుడిలో దేవుడికి కూడా అంత మర్యాద జరగదు. తర్వాత విండోస్ తెరిచి తాను పేకాట ఆడుకునేవారు.

"అసలు పనంతా లినక్స్‌లోనే. మా ఫర్నేస్ లాంటిది, ఆరడమన్నదే ఉండదు" అనేవారు.

ఒకనాడు ఆయన బావమరిది మనోహర్, "అదోసారి తెరవండి బావా" అన్నాడు. తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. ఈయన నాలుగైదు కొట్టారు, ఏదీ పడలేదు.

"ఎక్కించిన రోజే మర్చిపోయాను. అయినా చూడు, ఏడాదిలో ఒక్కసారైనా ఆగిందా?" అన్నారు. ముఖంలో సిగ్గన్నది మచ్చుకైనా లేదు.

ఆయన భార్య ప్రసూన టీ కప్పులు బల్ల మీద పెట్టింది.

"ఎలిగించని పొయ్యి ఆరుతాదేటండీ."