రెండో పేరావిడ

కంపెనీ షేర్ల విభాగంలో నేను చేరిన ఏడాదే ఆవిడ భర్త పోయాడు. మా ఫ్యాక్టరీలోనే లేత్ మెషిన్ మీద పనిచేసినవాడు. ఉద్యోగులకు షేర్లు ఇచ్చినప్పుడు తన పేరు ముందు, భార్య పేరు వెనక రాయించి పది షేర్లు తీసుకున్నాడు. అందుకే ఆఫీసులో ఆవిడకు రెండో పేరావిడ అని పేరు పడింది. పెట్టింది నేనే.

ఇద్దరి పేర్ల మీదున్న షేర్లతో ఓ తిరకాసుంది. ఉత్తరమేదైనా మొదటి పేరుకే వెళ్తుంది, సమావేశంలో ప్రశ్న అడిగే హక్కూ ఆ పేరుదే. మొదటి మనిషి పోతే, మరణ ధ్రువపత్రం నకలు ఒకటి ఇస్తే చాలు, అంతా రెండో పేరుకు వచ్చేస్తుంది. ఆ ఒక్క కాగితం కోసం ఏళ్ళ తరబడి ఆవిడ ప్రాణం తోడేశాను.

ఏటా వాటాదారుల సమావేశానికి వచ్చేది. నా బల్ల దగ్గర సంతకం పెట్టి, వెనక వరసలో కూర్చుని, పక్క కుర్చీలో చేతిసంచి పెట్టుకునేది. ఎవరైనా అక్కడ కూర్చోబోతే "మనిషి వస్తారండీ" అనేది.

"పిన్నిగారూ, ఈసారైనా ఆ కాగితం తెచ్చారా?" అని ఓసారి గట్టిగానే అడిగాను.

"మర్చిపోయానమ్మా."

"పోయినేడూ ఇదే మాట. నా ఉద్యోగం ఊడేదాకా మర్చిపోతూనే ఉంటారా?"

ఆవిడ నవ్వింది. తర్వాత మెల్లగా చెప్పింది. "కరెంటు బిల్లు మా అబ్బాయి తన పేరుకు మార్పించుకున్నాడు. ఇక ఆయన పేరుతో వచ్చేది మీ కవరొక్కటే. పోస్ట్‌మాన్ గేటు దగ్గర నిలబడి ఆయన్ని పేరు పెట్టి పిలుస్తాడు. ఆ ఒక్క క్షణం, ఆయన లోపల చొక్కా వేసుకుంటున్నాడేమో అనిపిస్తుందమ్మా."

ఆ తర్వాత నేను కాగితం అడిగితే ఒట్టు.

పదకొండో ఏడు పెద్ద యజమాని చేతికి నూటికి తొంభైకి పైగా షేర్లు వచ్చిపడ్డాయి. అన్ని వస్తే మిగిలినవాళ్ళవి కూడా ఆయన తీసేసుకోవచ్చు, వాళ్ళు ససేమిరా అన్నా సరే. డబ్బు ఇస్తాడు, కాదనను. ఇవ్వనని చెప్పే హక్కే మనకుండదు. ఈ రూలు రాసినవాడెవడో గానీ నాకు ఒళ్ళు మండింది.

చివరి సమావేశంలో ఆవిడ లేచి నిలబడింది. "మావి పదే షేర్లు బాబూ. మీకేం అడ్డం? వాటిని అలా వదిలేయకూడదా?"

ఛైర్మన్ లాయరు వైపు చూశాడు. లాయరు నా వైపు చూశాడు. రిజిస్టరు నా ముందే ఉంది మరి. "మొదటి పేరు ఈవిడది కాదు సార్" అన్నాను. అయితే జవాబు చెప్పనక్కర్లేదన్నాడు లాయరు. ఆవిడ సంచి తీసుకుని బయటికి నడిచింది. నా నోరు పడిపోతే బాగుండుననిపించింది.

మెట్ల దగ్గర పరిగెత్తుకెళ్ళి పట్టుకున్నాను. "పిన్నిగారూ, డబ్బు కోసం ఫారం పంపుతాం. నింపకండి."

"అదేంటమ్మా?"

"తీసుకోనివాళ్ళకి ఏడేళ్ళు, ఏటా ఓ ఉత్తరం రాసి గుర్తుచేయాలి. అదీ మొదటి పేరుకే."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

ఏడాది తిరిగింది. ఫారం తిరిగి రాలేదని గుర్తుచేసే మొదటి ఉత్తరం పోయిన నెల వెళ్ళింది. కవర్ల మీద చిరునామాలు కంప్యూటరే కొడుతుంది గానీ, ఆ ఒక్కటీ నేను చేత్తో రాసి, ఆయన పేరు చివర ‘గారు’ చేర్చాను. రెండు రోజులకు ఫోన్ చేసింది.

"లోపల ఉత్తరం కూడా నువ్వే రాశావా అమ్మా?"

"లేదండీ. అందరికీ పంపేదే. ఏం, తప్పులున్నాయా?"

ఆవిడ చదివి వినిపించింది. "మా ఇదివరకటి ఉత్తరానికి తమ నుంచి జవాబు రాలేదు. ప్రస్తుతం తమరు ఎక్కడ ఉన్నదీ దయచేసి తెలియజేయగలరు."

కాగితం మడుస్తున్న చప్పుడు వినిపించింది.

"పన్నెండేళ్ళుగా నేను ఆయన్ని అడుగుతున్నది ఇదేనమ్మా" అంది.