బిందెలోని పిల్ల

మొన్న సూరత్‌లోనే పర్వత్ పాటియాలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్తే, ఏడేళ్ల మనవరాలు బడి నుంచి తెచ్చుకున్న హిందీ కథల పుస్తకం నా ఒళ్లో పడేసింది. మెట్లకింద తలుపు తీసుకుని ఇంకో లోకంలోకి వెళ్లిన పిల్లల కథ. వంటింట్లో మా అమ్మాయి బియ్యం కడిగి కుక్కర్ పొయ్యి మీద పెడుతోంది. నేను రెండు పేజీలు చదివానో లేదో, "అమ్మమ్మా, సప్పుడు లేకుంట పెదాలు ఆడిస్తున్నవేంది? జోర్ సే చదువు" అంది మనవరాలు. ఆ అలవాటు నాకు ఎక్కడ పట్టుకుందో చెప్పాలంటే నా చిన్నప్పుడు ఈ ఊళ్లోనే భేస్తాన్‌లో మేమున్న ఒంటిగది ఇంటికి వెళ్లాలి. మాటల్లోనే వెళ్లాను, మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని.

ఆ గదిలో అమ్మ, బాపు, నేను, మా చిన్నబాపు ఉండేవాళ్లం. చిన్నబాపు అంటే బాపు తమ్ముడు. ఊర్లో ఏడో తరగతి చదివి, సూరత్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి వచ్చాడు. ఆయన రేకుపెట్టెలో రెండు జతల బట్టలూ, ఎలుకలు మూల కొరికిన ఒక పిల్లల నవలా ఉండేవి. ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకం అదొక్కటే. నాది గుజరాతీ బడి, తెలుగు నోటికే గానీ కంటికి రాదు. వారానికోసారి మగ్గాల షెడ్డుకు సెలవు దొరికినప్పుడు చిన్నబాపు ఒక్క అధ్యాయం చదివి వినిపించేవాడు. బతిమాలినా రెండోది చదివేవాడు కాదు. కథలో ఒక పిల్ల నిండు బిందెలోకి తొంగిచూసి, నీళ్లలో తన నీడ కనిపించిన లోకంలోకి జారిపోతుంది. అక్కడ ఏర్లు కొండెక్కుతాయి, మనుషుల ముందు వాళ్ల నీడలు నడుస్తాయి. బిందె ఖాళీ అయిందంటే మాత్రం ఆ పిల్లకు తిరిగి వచ్చే దారి ఉండదు.

ఇంకేముంది, నేను మా ఇత్తడి బిందెకు కాపలా కూర్చున్నాను. మా గదుల వరుసకంతటికీ పొద్దున ఒక గంటే నీళ్లు. అమ్మ అన్నానికి నీళ్లు ముంచబోతే బిందెను కావిలించుకుని ఏడ్చాను. "నీ పిల్ల బతకాలంటే మేం ఎండాల్నా?" అంది అమ్మ. చిన్నబాపు నవ్వి, "ఉండనీ వదినె, కథ అయ్యేదాక నేను రెండు బకెట్లు ఎక్కువ మోస్త" అన్నాడు. అన్నట్టే డ్యూటీకి వెళ్లేముందు సందు చివరి పంపు నుంచి రోజూ మోసుకొచ్చాడు. బిందె మీద పళ్లెం మూసి మరీ వెళ్లేవాడు.

పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడే మనిషికి చెవులు ఎంతకాలం ఉంటాయి? నెలనెలకూ ఆయన చదివే గొంతు పెద్దదయింది. ఒక సెలవునాడు పక్కింటాయన తలుపు దగ్గరికి వచ్చి "క్యా హువా భాయ్, ఝగ్డా హో రహా హై క్యా?" అని, మా ఇంట్లో కొట్లాట అనుకుని అడిగాడు. మేం పకపకా నవ్వాం. చిన్నబాపుకు ఆ మాట వినపడలేదు, మా నవ్వు మాత్రం కనపడింది. పుస్తకం మూసి పెట్టెలో పెట్టాడు. మళ్లీ తీయలేదు. అప్పటికి ఒక్క అధ్యాయమే మిగిలింది. నేను చాలా ఏడ్చాను. ఆయన చెవుల కోసం కాదు, బిందెలో చిక్కుకున్న పిల్ల కోసం. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

చివరికేమయిందో చెప్పమని సైగలతో వేధిస్తే, "నువ్వే సదువుకో, జర కష్టపడు" అన్నాడు. గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో సాయంత్రాలు గచ్చు మీద అక్షరాలు దిద్దించాడు. ఎండాకాలం సెలవులన్నీ దానికే పోయాయి. కూడబలుక్కుని చదవడం వచ్చాక, ఒక మధ్యాహ్నం చిన్నబాపుకు టిఫిన్ డబ్బా తీసుకెళ్తూ పుస్తకం కూడా పట్టుకెళ్లాను.

ఆ షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరూ నోరు బాగా తెరిచి పెదాలతోనే మాట్లాడుకుంటారు. అక్కడ చెవులున్నవాళ్లూ లేనివాళ్లూ ఒకటే. నేను ఆయన ఎదురుగా నిలబడి, గొంతు పెగల్చకుండా, పెదాలు పెద్దగా కదుపుతూ చివరి అధ్యాయం చదివాను. ఆయన చేతులు సాంచ మీద, కళ్లు నా మూతి మీద. నేను ఆగిన ప్రతిచోటా ఆయన పెదాలు ఆ మాట అందించాయి. పుస్తకమంతా ఆయనకు కంఠతా వచ్చని అప్పుడు తెలిసింది. పిల్ల చెయ్యి నీళ్లలోంచి లేచి బిందె అంచు పట్టుకుంది. చిన్నబాపు కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత పెదాలతో, "ఇగ బిందె వంపుమను మీ అమ్మను" అన్నాడు.

కథలో ఆ పిల్ల బిందె లోపలి లోకంలో ఏడేళ్లు తిరిగి బయటికి వచ్చేసరికి ఇక్కడ పొయ్యి మీద అన్నం కూడా ఉడకలేదట. చిన్నప్పుడు నేనది నమ్మలేదు. చిన్నబాపు పోయి చాలా ఏళ్లయింది, భేస్తాన్ గది కూడా లేదు. మొన్న ఇదంతా మనవరాలికి చెప్పి కళ్లు తుడుచుకునేసరికి, వంటింట్లో కుక్కర్ ఇంకా మొదటి విజిల్ వేయలేదు.