భన్‌పురిలో సుగుణాంటీ కొట్టు

నిన్న ఓ కోల్డ్ స్టోరేజీ ముందు నుంచి వెళ్తుంటే అమ్మోనియా ఘాటు ముక్కుకు తగిలి, నడిరోడ్డు మీద కాళ్ళు ఆగిపోయాయి.

రాయపూర్‌లో నాతో పెరిగిన రైల్వే పిల్లలూ, భన్‌పురిలో ఐసు ఫ్యాక్టరీ పక్కన సుగుణాంటీ ఐస్‌క్రీం కొట్టు గుర్తుందా? పుల్ల ఐసుతో పాటు ఎవరింట పెళ్ళో, ఎవరికి బదిలీయో అన్నీ అక్కడే తెలిసేవి.

ఓ మధ్యాహ్నం కబుర్లు చెబుతున్న ఆంటీ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై, ఇదే ఘాటుకు మా కళ్ళు మండాయి. ఒకప్పుడు నర్సు కదా, తువ్వాళ్ళు తడిపి మా ముఖాలకు చుట్టి, "పట్టాల వైపు పరిగెత్తండి, జల్దీ!" అని తరిమింది. ఆ ఫ్యాక్టరీలోనే మెకానిక్కయిన వాళ్ళాయన డేవిడ్ అంకుల్ లోపలికెళ్ళి వాల్వు కట్టేశారట.

మేం తిరిగొచ్చేసరికి ఆయన కొట్టు ముందు కూర్చుని దగ్గుతూ నవ్వుతున్నారు. అందరూ భుజం తడుతున్నారు.

"ఆస్పత్రికెళ్దాం రండి," ఆంటీ బతిమాలింది.

"అరే, కుఛ్ నహీ హువా, నాకేం కాలేదు! పిల్లలు బెదిరిపోయారు, ముందు వాళ్ళకి ఐస్‌క్రీం పెట్టు."

"ఈ గ్యాసు ఇప్పుడు ఊరుకుంటుందండీ, తర్వాత ఊపిరి పట్టేస్తుంది."

ఎవరూ వినిపించుకోలేదు. ఆవిడ మాకు ఐస్‌క్రీం ఇస్తున్నా చూపు మాత్రం ఆయన ఛాతీ మీదే ఉంది. మేం సంబరంగా తిన్నాం.

పొద్దు వాలేసరికి ఆయనకు ఊపిరాడలేదు. రిక్షా ఆస్పత్రికి చేరకముందే పోయారు. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఆంటీ, "చెప్పాను కదండీ, చెప్పాను కదండీ" అంటూనే ఉందట.